ఉక్కు తలుపు కొనేముందు ద్వారబంధం చూడండి



ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బ్రతికినవాడికి ఇనుప తలుపులతో పనేమిటని మీరు అనుకోవచ్చు. పని పడింది. మా పెరట్లో ఒక రేకుల షెడ్డు వేయిస్తున్నాము. అబ్బాయి మోటారు సైకిలు, నిచ్చెన, కొబ్బరికాయలు, ఇంట్లో చోటు చాలక అటక మీద మ్రగ్గుతున్న నా పాత పత్రికల కట్టలు అందులోకి చేరాలి. గోడలు లేచాయి. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల వాకిలి దగ్గర మాత్రం ఆలోచన ఆగింది. ఏ తలుపు పెట్టించాలి? ఇరుగుపొరుగువారిని, వెల్డింగు పనివారిని, ఇంజనీరింగు చదివిన పూర్వ విద్యార్థులను అడిగి, కొంత చదివి, ఒక అభిప్రాయానికి వచ్చాను.

ఆ అభిప్రాయం ముందే చెబుతాను. మనం ఇనుప తలుపును రేకు చూసి, తాళం కప్ప చూసి కొంటున్నాము. చూడవలసింది ఆ రేకును పట్టి ఉంచే చట్రాన్ని, ఆ చట్రాన్ని గోడకు పట్టి ఉంచే బంధాన్ని. కొనేటప్పుడు దొంగ ఒక్కడే మన మనసులో మెదులుతున్నాడు. మెదలవలసినవారు మరి ఇద్దరున్నారు: ఒకరు వాయుదేవుడు, మరొకరు రోజూ ఆ తలుపు తీసి వేసే మనిషి.

మన పెద్దలు తలుపు నిలిచే చట్రానికి ద్వారబంధమని పేరు పెట్టారు. ఇల్లు కట్టేటప్పుడు దానికి ముహూర్తం చూస్తాము, పసుపు రాస్తాము, బొట్టు పెడతాము, మామిడాకులు కడతాము. తలుపు రెక్కకు ఇంత మర్యాద లేదు. రెక్క పాడైతే మార్చుకోవచ్చు, ద్వారబంధం కదిలితే గోడే కదులుతుంది. ఆచారం వెనుక ఉన్న ఈ ఇంగితాన్ని మనం సింహద్వారం దాకా పాటించి, షెడ్డు దగ్గరికి వచ్చేసరికి గాలికి వదిలేశాము. చట్రం తెచ్చి, గోడలో రెండు కన్నాలు పొడిచి, గుప్పెడు సిమెంటు కూరి, సాయంత్రానికి తలుపు తగిలించి వెళ్ళిపోతున్నారు. పైన పటారం, లోన లొటారం.

గాలికి వదిలేశామన్న మాట ఊరికే అనలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా తీరాన్ని తాకిన నాడు ఇక్కడున్నవారెవరూ ఆ గాలిని మరచిపోలేరు. అప్పటికి అనకాపల్లి విశాఖపట్నం జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది. తుపాను వెలిసిన తరువాత వీధులలో తిరిగి చూస్తే ఒక విషయం నా కంటబడింది. కప్పు లేచిపోయిన షెడ్లు అనేకం తలుపు ఊడినవే. తలుపు నిలిచిన షెడ్లలో కొన్నింటికి రేకులు చిరిగినా కప్పు మాత్రం మిగిలింది. దీనికి కారణం ఒక పూర్వ విద్యార్థి చెప్పగా తెలిసింది. గాలి కప్పు మీదుగా పోయేటప్పుడు దానిని పైకి పీలుస్తుంది. అదే సమయంలో తలుపు విరిగి గాలి లోపలికి దూరితే, లోపలినుంచి కూడా కప్పును పైకి నెడుతుంది. పైనుంచి లాగుడు, క్రిందినుంచి తోపుడు. ఇక ఏ కప్పు నిలుస్తుంది? అంటే షెడ్డు కప్పును కాపాడే వాటిలో తలుపు కూడా ఒకటన్నమాట.

ఆ బలం ఎంతో లెక్క కట్టవచ్చు. ఇంజనీర్లు వాడే సూత్రం సులభమైనది. గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని తీసుకొని, దానిని అదే సంఖ్యతో హెచ్చించి, 0.6తో మళ్ళీ హెచ్చిస్తే చదరపు మీటరుపై పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. భవనాలపై గాలి భారాన్ని నిర్ణయించే భారతీయ ప్రమాణం విశాఖ ప్రాంతానికి సెకనుకు 50 మీటర్ల వేగాన్ని ఆధారంగా తీసుకొమ్మంటుంది. గంటకు 180 కిలోమీటర్లు. యాభైని యాభైతో హెచ్చిస్తే 2500, దానిని 0.6తో హెచ్చిస్తే 1500. చదరపు మీటరుకు రమారమి 150 కిలోల బరువు మోపినట్లు. నా వాకిలి వైశాల్యం 80 చదరపు అడుగులు, అనగా దాదాపు ఏడున్నర చదరపు మీటర్లు. మొత్తం బరువు పదకొండు క్వింటాళ్ళు దాటుతుంది. బెల్లం ఊరివాళ్ళం కనుక మా భాషలో చెబుతాను: పదకొండు క్వింటాళ్ళ బెల్లం దిమ్మలను తలుపుకు ఆనించి ఒక్కసారి త్రోసినట్లు. ఈ భారాన్ని రేకు ఒక్కటే మోయలేదు. రేకునుంచి చట్రానికి, చట్రంనుంచి బందులకు, బందులనుంచి గోడకు అది ప్రవహిస్తుంది. ఆ దారిలో ఎక్కడ బలహీనత ఉంటే అక్కడ తెగుతుంది.

ఇక రేకు సంగతి. అమ్మేవారు గేజి లెక్క చెబుతారు. ఈ గేజి పరీక్షలో ర్యాంకు వంటిది, సంఖ్య పెరిగితే సరుకు తగ్గుతుంది. మన బజారులో చలామణీలో ఉన్న పాత ఇంగ్లీషు కొలత ప్రకారం 16 గేజి అంటే సుమారు 1.63 మిల్లీమీటర్లు, 18 అంటే 1.22, 20 అంటే 0.91, 22 అంటే 0.71. నేను విచారించిన దుకాణాలలో ఒకచోట యజమాని రేకు మీద చరిచి, "పద్దెనిమిది గేజండి మాస్టారూ, ఏనుగు తన్నినా సొట్ట పడదు" అన్నాడు. భౌతికశాస్త్రం చెప్పిన నా సహోపాధ్యాయుణ్ణి వెంట తీసుకువెళ్ళాను, ఆయన జేబులోనుంచి స్క్రూగేజి తీసి కొలిచారు. 0.9 వచ్చింది. "ఇది ఇరవై గేజి కదా నాయనా" అంటే, "బజారులో దీన్నే పద్దెనిమిది అంటారండి" అన్నాడు. అబద్ధమాడుతున్నానన్న సంకోచం అతని ముఖంలో లేదు. తక్కువ ధరకు బేరమాడేవారు బేరమాడుతూ పోతే సంఖ్య అలాగే ఉండి రేకు పలచబడుతుంది.

అందుచేత గేజి మాట విడిచిపెట్టి మిల్లీమీటర్లలో వ్రాయించుకోండి. స్క్రూగేజి దొరకనివారికి తూకం ఉంది. ఒక మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. నా వాకిలికి సరిపడే రేకు 18 గేజిది అయితే 71 కిలోలు, 20ది అయితే 53, 22ది అయితే 41. రంగు వేసి కళ్ళకు గంతలు కట్టవచ్చు గాని కాటాకు కట్టలేరు.

తలుపు రెక్కలో రేకు కన్నా ముఖ్యమైనది దాని చుట్టూ ఉండే యాంగిల్ చట్రం. మా పనివారు యాంగ్లర్ అంటారు. ఇందులో మా ప్రాంతానికి ఒక చిత్రమైన సంబంధం ఉంది. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఊరూరా మారుమ్రోగిన ఉద్యమ ఫలంగా వచ్చిన కర్మాగారం మాకు పొరుగునే ఉంది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైంది. అక్కడ కడ్డీలు, తీగచుట్టలు, యాంగిళ్ళు, చానళ్ళు తయారవుతాయి, పలచని రేకు తయారు కాదు. కనుక మా షెడ్డు తలుపుకు రేకు ఏ దూరదేశంనుంచి వచ్చినా, దాని ఎముకలు మాత్రం మా ఊరి పొరుగువి కావచ్చు. బలం ఉండేది ఎముకలలోనే.

ఆ ఎముకల కూర్పులో లెక్కల మాస్టార్లు మెచ్చుకొనే అంశం ఒకటి ఉంది. నాలుగు కమ్ములతో కట్టిన దీర్ఘచతురస్రాన్ని మూల పట్టుకొని లాగితే సమాంతర చతుర్భుజమవుతుంది. మన ఇనుప గేట్లు కొన్నాళ్ళకు నేలకు ఒరిగి గీరుకొనేది ఇందువల్లనే. మధ్యలో ఒక కర్ణం వేస్తే రెండు త్రిభుజాలవుతాయి, త్రిభుజం ఆకారం మార్చుకోదు. పూర్వం ఊరికి కర్ణంగారు ఎంత అవసరమో తలుపు రెక్కకు కర్ణం అంత అవసరం. అడ్డంగా రెండు పట్టీలు, ఐమూలగా ఒకటి వేయించండి. దీనికయ్యే అదనపు ఖర్చు రేకును ఒక గేజి పెంచితే అయ్యేదానికి ఎక్కువ కాదు. ఫలితం మాత్రం ఎన్నో రెట్లు.

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. రోలింగ్ షట్టరా, రెక్కల తలుపా? మా ఊళ్ళో షెడ్డు అనగానే పదిమందిలో ఎనిమిదిమంది షట్టరు అన్నారు. బజారులో దుకాణాలన్నింటికీ అదే ఉన్నది కనుక ఇంటికీ అదే పెట్టడం అలవాటైపోయింది. షట్టరుకు దాని గుణాలు దానికున్నాయి. తీసినప్పుడు చోటు ఆక్రమించదు. గవరపాలెం వంటి చోట్ల ఇరుకు సందులలో రెక్క బయటికి తీస్తే ఎదుటివారి అరుగుకు తగులుతుంది, అక్కడ షట్టరే న్యాయం. రోజంతా తెరిచి ఉంచి రాత్రి మూసే దుకాణానికీ అదే తగినది.

షట్టరు పెట్టించుకొనేవారు మూడు సంగతులు అడగాలి. మన దేశంలో షట్టర్లకు ఐ.ఎస్. 6248 అనే ప్రమాణం ఉంది. మూడున్నర మీటర్ల వెడల్పు దాకా పట్టీల మందం 0.90 మిల్లీమీటర్లకు తగ్గరాదని, అంతకు మించిన వెడల్పుకు ఇంకా మందం కావాలని అది చెబుతుంది. పట్టీల కొసలు జారే ప్రక్క చానలు లోతు చూడాలి. అది తక్కువైతే పెనుగాలికి షట్టరు విల్లులా వంగి, కొసలు చానలులోనుంచి బయటికి వచ్చేస్తాయి. ఒకసారి వచ్చాక అది తలుపు కాదు, తెర. మూడవది పైనున్న స్ప్రింగు. షట్టరు బరువును మోసేది మన చెయ్యి కాదు, ఆ స్ప్రింగే. అది నీరసిస్తే ఏటికేడు షట్టరు బరువెక్కుతుంది, తెగిందంటే బరువంతా ఒక్కసారి క్రిందికి దిగుతుంది. ఏడాదికొకసారి గ్రీజు పెట్టించి, స్ప్రింగు చూపించుకోని షట్టరు క్రింద నిలబడడం క్షేమం కాదు.

తెల్లవారి బజారు వైపు నడకకు వెళ్ళినప్పుడు ఒక దృశ్యం నాకు తరచు కనబడుతుంది. వయసు మళ్ళిన చిన్న వ్యాపారులు, అందులో ఆడవారూ ఉంటారు, దుకాణం ముందు నిలబడి దారిన పోయే కుర్రవాడి కోసం ఎదురుచూస్తుంటారు. "బాబూ, కాస్త ఈ షట్టరు ఎత్తి పెడుదూ" అని అడుగుతారు. తమ దుకాణం తాము తెరుచుకోలేని స్థితి అది. దొంగను ఆపడానికి పెట్టిన తలుపు యజమానిని కూడా ఆపుతోంది. నాకు అరవై దాటాయి. నా అర్ధాంగికి మోకాళ్ళ నొప్పులు. నేలదాకా వంగి తాళం తీసి, అరక్వింటాలుకు పైబడిన బరువును తల మీదికి లాగే తలుపు మా ఇద్దరికీ ఎందుకు?

రెక్కల తలుపు బరువులో తక్కువేమీ కాదు. మంచి చట్రంతో చేయిస్తే ఒక్కొక్క రెక్క డెబ్బై కిలోలు దాటుతుంది. ఆ బరువంతా బందుల మీదుగా గోడకు పోతుంది, మన చెయ్యి దానిని త్రిప్పితే చాలు. అందుకే రెక్కకు రెండు బందులు చాలవు, మూడు ఉండాలి. అందుకే గోడలోకి పోయే హోల్డ్‌ఫాస్టులు ప్రతి ప్రక్కా మూడేసి ఉండి, వాటి చుట్టూ ఇటుకముక్కలూ మట్టీ గాక కాంక్రీటు నిండాలి. ద్వారబంధం మాట మళ్ళీ మళ్ళీ ఎత్తుతున్నది ఇందుకే.

రెక్కలు బయటికి తెరుచుకోవడం మేలని నా అభిప్రాయం. గాలి త్రోసినప్పుడు రెక్క చట్రానికి అదుముకొని నిలుస్తుంది, లోపల సామాను జారి అడ్డుపడినా తలుపు తెరుచుకుంటుంది. బందుల మేకులు బయటికి కనబడతాయి గనుక వాటి తలలు వెల్డింగు చేయించాలి. తుపాను కన్ను దాటిన తరువాత గాలి దిక్కు మారుతుంది కాబట్టి బయటికి లాగే బలానికీ సిద్ధపడాలి. రెండు రెక్కలు కలిసే నడిమి చోటు అన్నింటికన్నా బలహీనం. అక్కడ పైకొకటి, క్రిందికొకటి నిలువు గడియలు ఉండాలి. క్రింది గడియ దిగే రంధ్రంలో ముందే ఒక పైపు ముక్క పాతించకపోతే రెండేళ్ళలో సిమెంటు పెచ్చులూడి గడియ నామమాత్రమవుతుంది.

తాళం విషయంలో ఒక్క మాట. పిడికిలంత కప్ప కొని, వ్రేలంత కొండికి వేలాడదీస్తాము. దొంగ కప్ప జోలికి పోడు, కొండిని పెకలిస్తాడు. కొండి, గొళ్ళెం రేకుకు గాక చట్రానికి అతికించి ఉండాలి. అర్గళం అంటే గడియ. అడ్డు గడియ లేనిది అనర్గళం. మన తలుపులలో చాలా వాటికి గడియలున్నాయి గాని దొంగకు ప్రవేశం అనర్గళమే.

త్రుప్పు మా ప్రాంతానికి పుట్టుకతో వచ్చిన పగవాడు. సముద్రం మా వీధిలోనుంచి కనబడదు గాని దాని ఉప్పుగాలి, తేమ మా దాకా వస్తాయి. ఇక్కడ నల్లరేకు కన్నా జి.ఐ. రేకు ఉత్తమం. జి.ఐ. అంటే ఇనుము మీద తుత్తునాగం పూత. ఇనుముకన్నా ముందు తాను క్షీణించి ఇనుమును కాపాడడం తుత్తునాగం స్వభావం, చిన్న గీత పడినా ఆ కాపుదల ఉంటుంది. పూత ఎంతన్నది గ్రాముల్లో చెబుతారు. రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాములున్న రేకూ జి.ఐ.యే, 275 గ్రాములున్నదీ జి.ఐ.యే. అడిగితేగాని చెప్పరు. వెల్డింగు చేసిన చోట ఆ పూత కాలిపోతుంది, త్రుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ అతుకులన్నింటినీ రుద్ది, జింకు పాలు ఎక్కువగా ఉన్న ప్రైమరు వేయించాలి. పూత మండినప్పుడు వచ్చే తెల్లని పొగ పీలిస్తే పనివానికి జ్వరం వస్తుంది. అతికే చోట పూత ముందుగా గీకించి, పని ఆరుబయట చేయించడం మన ధర్మం.

త్రుప్పు ఎప్పుడూ తలుపు పాదంనుంచే ఎక్కుతుంది. నేలకూ రెక్కకూ అరంగుళం ఎడం, నేల బయటికి వాలు, రెక్క అడుగున నీరు నిలవని ఏర్పాటు ఉంటే తలుపు ఆయుర్దాయం పెరుగుతుంది. రేకు వెనుకవైపు, చట్రానికి అతుక్కొనే భాగానికి, బిగించక ముందే రంగు పడాలి. తరువాత కుంచె దూరదు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

పూర్తిగా బిగించిన ఇనుప పెట్టె కూడా మంచిది కాదు. వానాకాలంలో చల్లని రేకు లోపలివైపు చెమటలు పడుతుంది. బెల్లం నిలవ చేసేవారికి ఈ బాధ బాగా తెలుసు, నా పత్రికల కట్టలకూ అదే గండం. మోటారు సైకిలు పెట్టేచోట పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు గనుక నేలను అంటి ఉంటుంది. అందుచేత రెక్క పైభాగాన, అడుగున ఎలుక దూరని సన్నజాలీ పట్టీలు ఉండాలి.

చివరగా, నేను అన్నింటికన్నా ముఖ్యమనుకునే అంశం. పూర్వం కోట తలుపులలో, పెద్ద లోగిళ్ళ తలుపులలో ఒక దిడ్డి ఉండేది. ఏనుగుకు పెద్ద తలుపు, మనిషికి దిడ్డి. ఆ తెలివి మనం మరచిపోయాము. కుడి రెక్కలో రెండున్నర అడుగుల దిడ్డితలుపు పెట్టించి, దానిని లోపలినుంచి కూడా తీయగలిగేలా గడియ అమర్చాలి. షెడ్డులో పిల్లలు దాగుడుమూతలు ఆడతారు. పనిమనిషి లోపల ఉండగా ఎవరో చూడక బయట గడియ పెట్టేస్తారు. వేసవిలో రేకుల షెడ్డులో చిక్కుకున్న మనిషికి ఒక్కొక్క గడియ ఒక యుగం. దొంగ రాకుండా ఎంత ఆలోచిస్తామో, లోపలి మనిషి బయటికి రావడానికి కూడా అంత ఆలోచించని తలుపును నేను మంచి తలుపని ఒప్పుకోను.

ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద వ్రాసి పనివానికిచ్చాను: రేకు 1.2 మిల్లీమీటర్లు, జి.ఐ.; రెక్కకు మూడు బందులు, ఒక కర్ణం; ప్రక్కకు మూడు హోల్డ్‌ఫాస్టులు; ఒక దిడ్డి; సొమ్ము తూకం చూసిన తరువాత. అతడు కాగితం రెండుసార్లు చదివి, "మాస్టారూ, ఇలా వ్రాసిచ్చినవాళ్ళు లేరండి, కానీ ఇలాగైతే నాకూ పని సుఖం" అన్నాడు. ఏం చేయాలో తెలిస్తే మంచి పనివాడు చేస్తాడు, చెప్పకపోతే అందరికీ చేసినట్లే చేస్తాడు.

షట్టరు పక్షపాతులు మీలో ఉంటే మీ వాదం తప్పక వినిపించండి. తీరప్రాంతపు మిత్రులు త్రుప్పు విషయంలో తమ అనుభవం చెబితే మరీ సంతోషం. రంగు ఇంకా నిర్ణయించలేదు. పడమటి ఎండ కనుక లేత రంగన్నది నా మాట, మాసిపోతుందన్నది మా ఇంటావిడ మాట.

స్వస్తి.